హైదరాబాద్ ట్రిప్‌లో తిండి, సర్వీసు, బిల్లు: ఒక కర్నూలు కుటుంబానికి ఎదురైన మూడు రోజులు

కర్నూలులో చిన్న బట్టల షాపు నడిపే ఒకాయన ఈ మధ్య తల్లిని తీసుకుని హైదరాబాద్ వచ్చారు. ఆమె వయసు 68. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గురువారం డాక్టరుకు చూపించడం, ఆ తర్వాత రెండు రోజులు ఊరు చూడటం, ఇదీ ప్లాన్. వెంట భార్య, ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు, ఎనిమిదో తరగతి కొడుకు.

డాక్టరు ఆపరేషన్ చేయించాల్సిందే అన్నారు. దాంతో ఆ పెద్దామె కొడుకును ఒక్కటే అడిగింది. ఆపరేషన్ బల్ల ఎక్కేలోపు ఒకసారి చార్మినార్ చూడాలి, పొద్దున్నే నిహారీ తినాలి. ఆమె భర్త బతికున్న రోజుల్లో సరుకు కోసం మదీనా, పత్తర్‌గట్టి హోల్‌సేల్ షాపులకు వచ్చేవారట. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు ఆమెను కూడా తీసుకొచ్చారు. అప్పటి రుచి ఆమె ఇంకా మర్చిపోలేదు.

మూడు రోజుల తిండికి ఆ కుటుంబం పక్కన పెట్టుకున్నది 6,000 రూపాయలు. చివరికి అయ్యింది 7,150. ఆ 1,150 తేడా ఎక్కడ వచ్చింది? అందులో తప్పనిసరి ఖర్చు ఎంత, అడిగితే తగ్గేది ఎంత? సెలవుల్లో, హాస్పిటల్ పనుల మీద, పెళ్లి షాపింగ్ కోసం హైదరాబాద్ వచ్చే మన కుటుంబాలన్నిటికీ పనికొచ్చే లెక్క ఇది.

మెట్ల దగ్గర మొదలైన ఖర్చు

గురువారం రాత్రి తొమ్మిది గంటలకు అందరికీ ఆకలి. లాడ్జి దగ్గర్లో పేరున్న ఒక పాత హోటల్‌కు వెళ్లారు. కింద హాలు సగం ఖాళీగానే ఉంది. కానీ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి వేలు పైకి చూపించాడు. ఫ్యామిలీ సెక్షన్ ఫస్ట్ ఫ్లోర్‌లో ఉంది. లిఫ్ట్ లేదు. ఇరవైకి పైగా మెట్లు, అవి కూడా నిటారుగా ఉన్నాయి.

"అమ్మీకి మోకాళ్ల నొప్పి భాయ్, ఆ మూల టేబుల్ ఇస్తే చాలు" అని కొడుకు అడిగారు. కింద లేడీస్‌ను కూర్చోబెట్టం అన్నాడు ఆ మనిషి. మీరంతా పైకి వెళ్లండి, ఆమెకు ఆటోలోకి ప్లేట్ పంపిస్తాం అని ఒక ఉపాయం కూడా చెప్పాడు. ఆ పెద్దామె ఏమీ అనలేదు. మనవడి భుజం పట్టుకుని వెనక్కి తిరిగింది. కోడలు మాత్రం ఆ మాటను మూడు రోజులూ మర్చిపోలేదు.

హైదరాబాద్ పాత హోటళ్లలో ఫ్యామిలీ సెక్షన్ పైన ఉండటం చాలాకాలంగా ఉన్న అలవాటే. కింద రద్దీ, చాయ్ తాగేవాళ్లు, గంటల తరబడి కబుర్లు, పొగ. ఆడవాళ్లు, పిల్లలు పైన ప్రశాంతంగా తింటారన్నది ఆలోచన. అందులో తప్పు లేదు, చాలా కుటుంబాలు కోరుకునేది కూడా అదే. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఏర్పాటు చేసినప్పుడు మోకాళ్లు నొప్పిగా ఉన్న నానీలు, దాదీలు ఎవరికీ గుర్తున్నట్టు లేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలకు సేవలందించే ప్రైవేటు సంస్థలు కూడా ప్రభుత్వం పెట్టిన యాక్సెసిబిలిటీ నియమాలు పాటించాలని చెబుతోంది. చట్టం చెప్పినా చెప్పకపోయినా కింద ఒక మూల రెండు టేబుళ్లకు తెర కట్టడానికి పెద్ద ఖర్చు అవ్వదు కదా.

అక్కడ కుదరక రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఏసీ రెస్టారెంట్‌కు వెళ్లారు. అది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంది. ధరలు ఎక్కువని మెనూ చూడగానే అర్థమైంది. కానీ అప్పటికి ఇంకో చోటు వెతికే ఓపిక ఎవరికీ లేదు.

తిండి విషయానికొస్తే అక్కడ ఫిర్యాదు లేదు. మరగ్ వేడిగా, మిరియాల ఘాటుతో వచ్చింది. తలావా గోష్త్ మెత్తగా ఉంది, దాదీకి కట్టుడు పళ్లయినా ఇబ్బంది పడకుండా తిన్నది. ఖుబానీ కా మీఠాలో మాత్రం పండు కంటే చక్కెర పాకమే ఎక్కువ. పిల్లలు అడిగారని హలీమ్ కూడా చెప్పారు. అది చెప్పకుండా ఉండాల్సింది. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది, నిజమే. అయితే ఆ పేరు రంజాన్ భట్టీల మీద గంటల తరబడి గోధుమ, మటన్, నెయ్యి కలిపి దంచితే వచ్చింది. మామూలు రోజుల్లో కొన్ని చోట్ల దొరికేది అంత చిక్కగా ఉండదు, ఆ రోజు వచ్చింది గరిటె జారుగా ఉంది. రంజాన్ దాకా ఆగగలిగితే ఆగడమే మంచిది.

ఆ తర్వాత బిల్లు వచ్చింది.

బిల్లులో ఆ ఒక్క లైను

తిన్నది 1,840 రూపాయలకు. దాని కింద 'ఎస్. ఛార్జ్ 10 శాతం' అని 184. రెండూ కలిపి 2,024. దాని మీద సీజీఎస్టీ 2.5 శాతం, ఎస్జీఎస్టీ 2.5 శాతం, మొత్తం 101 రూపాయల 20 పైసలు. చివర్లో 2,125 రూపాయల 20 పైసలు.

బిల్లు మొదట చదివింది ఎంఈసీ అమ్మాయి. "అబ్బా, వీళ్లు సర్వీస్ ఛార్జ్ మీద కూడా జీఎస్టీ వేశారు చూడు" అంది. కామర్స్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఇదే లాభం. తండ్రి మాత్రం పోనీలే, ఇచ్చేద్దాం అన్నారు. షాపు నడిపే మనిషికి ఇంకొకరి కౌంటర్ దగ్గర బేరమాడటం నామోషీ. తల్లి ఒప్పుకోలేదు. రెండు వందలంటే రేపు పొద్దుటి చాయ్, బిస్కెట్ అని ఆమె లెక్క.

ఇక్కడ రూల్ ఏంటో తెలుసుకోవాలి. జీఎస్టీ ప్రభుత్వానికి కట్టే పన్ను. సర్వీస్ ఛార్జ్ పన్ను కాదు, అది హోటల్ తనకు తానుగా అడిగే డబ్బు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది మాట్లాడకుండా ఇచ్చేస్తారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ హోటల్ గానీ రెస్టారెంట్ గానీ సర్వీస్ ఛార్జ్‌ను బిల్లులో దానంతట అదే పడేట్టు కలపకూడదు. వేరే పేరు పెట్టి కూడా తీసుకోకూడదు. ఇవ్వనంటే లోపలికి రానివ్వకపోవడం, వడ్డించకపోవడం కుదరదు. ఇది ఇష్టముంటేనే ఇచ్చేదని కస్టమర్‌కు స్పష్టంగా చెప్పాలి. తిండి బిల్లుకు దాన్ని కలిపేసి, మొత్తం మీద జీఎస్టీ వేయడం కూడా తప్పే. ఆ రాత్రి జరిగింది సరిగ్గా అదే.

హోటళ్ల సంఘాలు ఈ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశాయి. 2025 మార్చి 28న ఆ కోర్టు మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు ఇచ్చింది. సర్వీస్ ఛార్జ్ గానీ టిప్ గానీ కస్టమర్ ఇష్టంతో ఇచ్చేదే తప్ప తప్పనిసరి చేయడానికి లేదని చెప్పింది.

ఇందులో హోటల్ వాళ్ల మాట కూడా వినాలి. కుర్రాళ్ల జీతాలు పెరిగాయి, గ్యాస్ పెరిగింది, మటన్ రేటు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ ఖర్చు రాబట్టుకోవడానికి వాళ్లకు దారి ఉంది, మెనూలో ధర పెంచుకోవచ్చు. ప్లేటు 320 నుంచి 350 చేస్తే ఎవరూ అడ్డు చెప్పరు, నచ్చినవాడు తింటాడు, నచ్చనివాడు లేచి వెళ్తాడు. కానీ 320 అని చూపించి తిన్నాక ఇంకో 32 అడగడం వేరే సంగతి. ధర ముందే తెలియాలి, ఏ వ్యాపారంలోనైనా ఇంతే.

కౌంటర్ దగ్గర మేనేజర్ మొదట "ఏసీ ఫ్యామిలీ సెక్షన్‌కు ఉంటది సార్, అందరూ ఇస్తున్నారు" అన్నాడు. అమ్మాయి 1915 అనే నంబర్ పేరెత్తింది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. మేనేజర్ ఇంకేమీ అనకుండా బిల్లు వెనక్కి తీసుకున్నాడు. కొత్త బిల్లు 1,840కి 92 రూపాయల జీఎస్టీ కలిపి 1,932. తేడా 193 రూపాయలు.

డబ్బు మిగిలింది గానీ ఆ రెండు నిమిషాలు బాగోలేదు. మేనేజర్ పక్క టేబుల్ వాళ్లకు వినబడేట్టు వీళ్లకు ఛార్జ్ తీసెయ్ అని గట్టిగా కేకేశాడు. పెద్దామె తలవంచుకుంది. ఇలాంటి చోట చాలా కుటుంబాలు నోరు మెదపకపోవడానికి అసలు కారణం డబ్బు మీద అశ్రద్ధ కాదు, నలుగురిలో ఇజ్జత్ పోతుందన్న భయం. హోటల్ వాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. కూర్చునే ముందే, ఆర్డర్ చెప్పకముందే సర్వీస్ ఛార్జ్ వేస్తారా అని మామూలుగా అడిగితే ఈ గొడవ రాదు. వేస్తామంటే అప్పుడే వద్దని చెప్పొచ్చు, లేదా వేరే చోటుకు పోవచ్చు.

వడ్డించిన కుర్రాడికి కోడలు 50 రూపాయలు విడిగా చేతిలో పెట్టింది. దాదీకి మరగ్ గిన్నె రెండోసారి వేడి చేసి తెచ్చింది అతనే. బిల్లులో పడే పది శాతంలో అతనికి ఎంత చేరుతుందో కస్టమర్‌కు తెలిసే దారి లేదు. చేతికిచ్చింది మాత్రం చేతికే చేరుతుంది.

నీళ్ల బాటిల్ మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అడక్కుండానే రెండు బాటిళ్లు తెచ్చి మూత తీసి పెట్టారు, ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేశారు. అమ్మాయి దాని మీద కూడా అడగబోయింది. ఈ విషయంలో హోటల్ వాళ్లదే పైచేయి. రెస్టారెంట్‌లో టేబుల్ దగ్గర ఇచ్చే బాటిల్ ఒట్టి సరుకు అమ్మకం కాదు, కూర్చోబెట్టి చేసే సేవ కూడా అందులో ఉంది కాబట్టి ఎమ్మార్పీకి కట్టుబడాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కిరాణా షాపు, బస్టాండ్ స్టాల్ అలా అమ్మితే మాత్రం తప్పే. కాబట్టి హోటల్‌లో బాటిల్ వద్దు, మామూలు నీళ్లు ఇవ్వండి అని మొదటే చెప్పడం ఒక్కటే మార్గం.

శుక్రవారం పొద్దున

ఫజ్ర్ తర్వాత కాసేపటికి పాతబస్తీలో ఉన్నారు. వెళ్లింది పెద్ద హోటల్ కాదు. రేకుల షెడ్డులాంటి హాలు, రాతి టేబుళ్లు, గోడ మీద ధరల బోర్డు. లోపల దాదాపు అందరూ మగవాళ్లే. రాత్రి అనుభవం తర్వాత కొడుకు గుమ్మం దగ్గరే ఆగిపోయారు, పార్సిల్ కట్టించుకుందాం అనుకున్నారు.

గడ్డం నెరిసిన ఒక వెయిటర్ పెద్దామెను చూశాడు. "ఖాలా, ఆయియే" అన్నాడు. ఇక అడగడం, చెప్పడం ఏమీ లేదు. గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు గ్లాసులు పట్టుకుని వాళ్లంతట వాళ్లే లేచారు. ఇంకెక్కడి నుంచో చేతులున్న కుర్చీ ఒకటి వచ్చింది, బల్ల మీద కూర్చుంటే ఆమె లేవలేదని ఆయనకు ఎలా తెలిసిందో గానీ.

నిహారీ అన్న పేరు పగలు అనే అర్థమున్న అరబ్బీ మాట నహార్ నుంచి వచ్చింది. రాత్రంతా సన్న మంట మీద కాళ్లు, నల్లీ ఎముకలు, మసాలా మూట ఉడికి పొద్దున్నే దిగే వంట ఇది. అందుకే ఎండ ఎక్కేదాకా ఆగితే అడుగున మిగిలిందే దొరుకుతుంది, కొన్ని చోట్ల అదీ ఉండదు. ఢిల్లీ నిహారీలో పిండి కలిపి చిక్కగా చేస్తారు, హైదరాబాద్‌ది పలుచగా షోర్బాలా ఉంటుంది. తోడుగా నాలుగు మూలల నాన్, పొరలు పొరలుగా ఊడే కుల్చా. తినే తీరు తెలియనివాళ్లు నాన్‌ను ముక్కలు చేసి పక్కన ముంచుకుంటారు. పెద్దామె మాత్రం కుల్చా చించి గిన్నెలోనే వేసి, నిమ్మకాయ పిండి, రెండు నిమిషాలు నాననిచ్చి తిన్నది. పళ్లు లేకపోయినా ఇబ్బంది లేదు. భర్త అలాగే తినేవారని చెప్పింది.

రుచి అప్పటిలాగే ఉందా అని మనవరాలు అడిగితే, కారం ఎక్కువైంది అంది. అయినా గిన్నె ఖాళీ చేసింది.

ఇక్కడి లోపాలు కూడా దాచక్కర్లేదు. టేబుళ్లన్నీ ఒకే తడిగుడ్డతో తుడిచారు. చేతులు కడుక్కునే చోట సబ్బు లేదు. ఆడవాళ్లకు వాష్‌రూమ్ ఉందా అంటే పక్క మస్జిద్ వైపు చూపించారు. మనిషికి ఇంత ఆదరణ ఇచ్చే చోట ఒక సబ్బు పెట్టడానికి ఏం అడ్డమో ఆ హోటల్ యజమానే చెప్పాలి. 2024 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లలో వరుసగా తనిఖీలు చేసింది. పెద్ద పెద్ద పేర్లున్న చోట్ల కూడా గడువు తీరిన సరుకు, మూత లేని చెత్తబుట్టలు, వంటింట్లో బొద్దింకలు దొరికాయి. కాబట్టి అద్దాల తలుపు ఉన్నంత మాత్రాన లోపల శుభ్రం అనుకోవడానికి లేదు, రేకుల షెడ్డు అయినంత మాత్రాన వదిలేయడానికీ లేదు. వేడిగా దిగుతున్నది, కళ్ల ముందు గిరాకీ ఉన్నది తినడం పాతకాలపు సలహానే, ఇప్పటికీ పనికొస్తుంది.

బిల్లు కాగితం మీద లేదు. ఆ పెద్ద వెయిటర్ కౌంటర్ వైపు తిరిగి నోటితోనే లెక్క చెప్పాడు. ఐదుగురికి 780 రూపాయలు, చాయ్‌తో సహా.

ఆ తర్వాత ఒక పొరపాటు జరిగింది, అది వీళ్లదే. సాలార్‌జంగ్ మ్యూజియం చూద్దామని వెళ్తే గేటు మూసి ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కు కూడా శుక్రవారమే సెలవు. మన కుటుంబాలు జుమా కోసం పాతబస్తీ ట్రిప్‌ను శుక్రవారం పెట్టుకుంటాయి, సరిగ్గా ఆ రోజే ఈ రెండూ ఉండవు. గురువారమో శనివారమో పెట్టుకోవాలి. ఇంకో చిన్న సంగతి బస్సుల గురించి. కర్నూలు బస్సుల్లో ఆడవాళ్లకు ఫ్రీ అలవాటై ఇక్కడ కూడా అదే అనుకున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం తెలంగాణ వాసులకే. కర్నూలు అడ్రస్ ఉన్న ఆధార్ చూసి కండక్టర్ ముగ్గురికీ టికెట్ కొట్టాడు.

మధ్యాహ్నం జుమా రద్దీలో దాదీని ఎక్కువ తిప్పలేక బిర్యానీ పార్సిల్ కట్టించి లాడ్జి గదికి తెచ్చారు. కచ్చే గోష్త్ బిర్యానీ అంటే మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం వేసి దమ్ మీద రెండింటినీ ఒకేసారి ఉడికించడం. అలా చేస్తే అడుగున మాంసం, మధ్యలో మసాలా అన్నం, పైన తెల్లన్నం, ఇలా పొరలుగా వస్తుంది. పార్సిల్ కట్టే మనిషి పైనుంచి తీస్తే తెల్లన్నం ఎక్కువ పడుతుంది, అడుగు దాకా నిలువుగా తీస్తే అన్నీ పడతాయి. వీళ్లకు పైదే పడింది. రెండు ఫ్యామిలీ ప్యాక్‌లలో కలిపి ఏడు ముక్కలు, మిర్చీ కా సాలన్ రెండు చెంచాలు. పార్సిల్ కౌంటర్ దగ్గర మసాలా కూడా రావాలి భాయ్ అని చెప్పి, డబ్బా మూత పెట్టకముందు చూసుకోవడంలో తప్పేం లేదు. ఇద్దరు పెద్దవాళ్లు మామూలుగా తినేవాళ్లైతే ఒక ఫుల్ సరిపోతుంది, ఫ్యామిలీ ప్యాక్ అన్న పేరు చూసి మోసపోవద్దు.

సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. డికాషన్ విడిగా, పాలు విడిగా గంటల తరబడి మరిగి కప్పులో కలిసే చాయ్. దీని గురించి ఫిర్యాదు చేయడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. దాదీ రెండో కప్పు కూడా తాగింది, షుగర్ ఉందని కోడలు గుర్తుచేసినా వినలేదు.

మాల్‌లో హలాల్ ప్రశ్న

శనివారం పిల్లల కోసం హైటెక్ సిటీ వైపు ఒక మాల్‌కు వెళ్లారు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉండటంతో పెద్దామెకు ఆ ప్రయాణం సులువుగానే గడిచింది. కష్టం ఫుడ్ కోర్టులో వచ్చింది.

పాతబస్తీలో ఎవరూ హలాలా అని అడగరు. ఊరి పడమర వైపు మాత్రం అడగాలి. ఒక కౌంటర్‌లో కుర్రాడు ప్రశ్న పూర్తికాకముందే అన్నీ హలాలే అన్నాడు. చికెన్ ఎక్కడి నుంచి వస్తుంది అంటే తెలియదన్నాడు. అంటే మొదటి జవాబు కూడా తెలిసి చెప్పింది కాదు. పక్క కౌంటర్‌లో అమ్మాయి మేనేజర్‌ను పిలిచింది. ఆయన సప్లయర్ సర్టిఫికెట్ ఫోన్‌లో చూపించాడు, ఫ్రైస్ వేయించే నూనెలో ఇంకేం వేయిస్తారో కూడా చెప్పాడు. వీళ్లు అక్కడే తిన్నారు. ఈ ప్రశ్నను హలాలా కాదా అని అడిగితే అవుననే జవాబు ఊరికే వస్తుంది. మాంసం ఎవరు సప్లై చేస్తారు, సర్టిఫికెట్ ఉందా, నూనె వేరేనా అని అడిగితే తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు తడబడతాడు. డెజర్ట్‌లో జెలటిన్, చైనీస్ వంటల్లో వాడే వైన్ సంగతి కూడా ఇలాగే విడిగా అడగాల్సినవే.

కొడుకు షవర్మా కావాలన్నాడు. తల్లి మయోనైజ్ లేకుండా ఇప్పించింది. అది ఊరికే భయం కాదు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది ఆస్పత్రి పాలై, ఒకరు చనిపోయిన తర్వాత తీసుకున్న నిర్ణయం అది. పచ్చి గుడ్డు గంటల తరబడి బయట ఉంటే సాల్మొనెల్లా వంటి బాక్టీరియా పెరుగుతుంది. వెల్లుల్లి చట్నీతో కూడా షవర్మా బాగానే ఉందని ఆ అబ్బాయి తర్వాత ఒప్పుకున్నాడు.

జొహర్ నమాజ్‌కు చోటు అడిగితే సెక్యూరిటీ గార్డు బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఒక మూల చూపించాడు, అట్టముక్కలు కూడా అతనే వెతికి తెచ్చాడు. ఆడవాళ్లకు వేరే చోటు లేదు.

చీటీ మీద పన్ను

తిరుగు బస్సు ఎక్కే ముందు స్టేషన్ దగ్గర్లోని ఒక చిన్న హోటల్‌లో బగారా ఖానా, దాల్చా తిన్నారు. రుచి బాగుంది, దాల్చాలో సొరకాయ ముక్క మెత్తగా కరిగిపోయింది. చీటీ మీద చేత్తో రాసిన బిల్లు 620, కింద టాక్స్ 31, మొత్తం 651. చీటీ మీద జీఎస్టీ నంబర్ లేదు.

ఇది మామూలుగా ఎవరూ చూడరు, చూడాలి. జీఎస్టీ వసూలు చేసే హోటల్ బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబర్ తప్పకుండా ఉండాలి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ నంబర్ జీఎస్టీ పోర్టల్‌లో కొడితే హోటల్ పేరు, రిజిస్ట్రేషన్ ఏ రకందో వచ్చేస్తుంది. మామూలు రెస్టారెంట్‌కు పన్ను 5 శాతమే, ఏసీ ఉన్నా లేకపోయినా. గది అద్దె రోజుకు 7,500 దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం పడుతుంది.

ఇంకా చాలామందికి తెలియంది కాంపోజిషన్ స్కీమ్. ఏడాదికి కోటిన్నర రూపాయల లోపు టర్నోవర్ ఉన్న హోటళ్లు ఇందులో చేరొచ్చు. వాళ్లు తమ అమ్మకాల మీద 5 శాతం సొంత జేబులోంచి కట్టాలి, కస్టమర్ దగ్గర విడిగా పన్ను తీసుకోవడానికి వీల్లేదు. తమకు పన్ను వసూలు చేసే అర్హత లేదని బిల్లు మీద వాళ్లే రాయాలి. ఇక రిజిస్ట్రేషనే లేని చిన్న హోటల్ టాక్స్ అని రాసి తీసుకుంటే ఆ డబ్బు ప్రభుత్వానికి పోదు, గల్లాలోకి పోతుంది.

కౌంటర్ దగ్గర అమ్మాయి నెమ్మదిగా "అంకుల్, జీఎస్టీ నంబర్ ఉందా?" అని అడిగింది. ఆయన ఒకసారి చీటీ వైపు, ఒకసారి పిల్ల వైపు చూసి, 620 ఇవ్వండి చాలు అన్నాడు. ఈసారి కేకలు లేవు. ఇంకో నాలుగు పాన్ సోంపు పొట్లాలు కూడా చేతిలో పెట్టాడు.

ఇలా అడిగినా తీయకపోతే ఏం చేయాలి? బిల్లు ఫొటో తీసుకుని, డబ్బు కట్టేసి బయటికి రావాలి. పిల్లలతో, పెద్దవాళ్లతో ఉన్నప్పుడు అక్కడే గొడవ పెట్టుకోవడం వల్ల లాభం లేదు. ఆ తర్వాత 1915కు ఫోన్ చేయొచ్చు. హెల్ప్‌లైన్ వాళ్లు హోటల్‌తో మాట్లాడి రాజీ చేయడానికి చూస్తారు. కుదరకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదు. తిండి పాడైందనో శుభ్రత లేదనో ఫిర్యాదైతే అది వేరే శాఖ పని, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టాలి. దానికి హోటల్ లైసెన్స్ నంబర్ పనికొస్తుంది. 14 అంకెల ఆ నంబర్‌ను 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద ముద్రించడం తప్పనిసరి. అందుకే బిల్లు కాగితాన్ని చేతులు తుడుచుకుని పారేయకూడదు. నోటితో లెక్క చెప్పే నిహారీ హోటల్ దగ్గర ఇవేవీ కుదరవు, అక్కడ నమ్మకమే బిల్లు.

బస్సులో అమ్మాయి మూడు రోజుల లెక్క రాసింది. అడిగి తగ్గించుకున్నది 193, 31, కలిపి 224. అడగలేక వదిలేసినవి నీళ్ల బాటిళ్లు, మసాలా లేని బిర్యానీ. మెట్లు ఎక్కలేక ఖరీదైన చోట తినాల్సి రావడం వల్ల పడిన అదనపు ఖర్చు దాదాపు 800 అని తేల్చింది. అంటే బడ్జెట్ దాటిన దాంట్లో పెద్ద భాగం అదే.

ఆపరేషన్ వచ్చే నెల అని డాక్టరు చెప్పారు. ఈసారి పదిహేను రోజులు ఉండాలి. కొడుకు అదే వారం లాడ్జికి ఫోన్ చేశారు. అద్దె ఎంత అని కాదు, లిఫ్ట్ ఉందా, దగ్గర్లో మెట్లు లేని హోటల్ ఏది అని ముందు అడిగారు. దాదీ పక్క నుంచి ఆ నిహారీ హోటల్‌కు ఆటో దొరుకుతుందో లేదో కూడా కనుక్కోమంది.